వచ్చు, చదవలేదు

మార్గశిరం, మొదటి మంగళవారం

ఇవాళ పొగమంచు పట్టే వలలకు నీళ్ళు బాగా పట్టాయి. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, పక్క స్తంభం దగ్గర వల దులుపుతున్న పైడమ్మ నాకు కనపడలేదు, ఆమె దగ్గు మాత్రం వినపడింది. వలల మీద పాకిన నాచు గీకి, కింది తొట్టెల్లో చేరిన నీళ్ళను ఊరి ట్యాంకుకు వదిలి దిగేసరికి ఎండ వచ్చింది.

మెట్ల దగ్గర మా అన్నయ్య శేషగిరి నిలబడి ఉన్నాడు. మా ఊరు మబ్బుగట్టు మండలికి పెద్ద. వలల దాకా రావడం అతనికి ఇష్టం ఉండదు. మా అమ్మ ఈ వాలు మీదే కాలు జారి పోయింది. ఇవాళ మాత్రం ముఖం వెలిగిపోతోంది. లోయలోని జలాశయం నుంచి మా ఊరికి గొట్టం వేయడానికి కొండ సమాఖ్య ఒప్పుకుందట. ఎవరూ ఇక తడిరాళ్ళ మీద ఎక్కనక్కర్లేదన్నాడు. ఒక్కటే షరతు, ఊళ్ళో పెద్దవాళ్ళందరూ చదువుకున్నవాళ్ళై ఉండాలి.

"ఉన్నారు కదా," అన్నాను.

"నువ్వు తప్ప," అన్నాడు.

సమాఖ్య లెక్కలో అది నిజమే. ఇక్కడ పిల్లలకు మీసాలొచ్చే వయసులో, ఓణీలు వేసే వయసులో ధార పోస్తారు. ఒక పూట ధారశాలలో కళ్ళు మూసుకుని పడుకుంటే చాలు, లేచేసరికి సమాఖ్య దగ్గరున్న పుస్తకాలన్నీ తలలోకి వచ్చేసి ఉంటాయి. నాకు చిన్నప్పుడు మూర్ఛలు వచ్చేవి. వైద్యులు వద్దన్నారు. అందుకని నేను కళ్ళతో చదువుకున్నాను. సముద్రం పైకొచ్చిన కాలంలో కింది ఊళ్ళ గ్రంథాలయాలన్నిటినీ లారీల్లో పైకి తెచ్చి పాత కాఫీ గోదాములో కుమ్మరించారు. తర్వాత ధార వచ్చింది. ఆ పుస్తకాలను పారేయడానికి కూడా ఎవరికీ తీరిక దొరకలేదు. వలల పని అయ్యాక నా మధ్యాహ్నాలు అక్కడే గడుస్తాయి. వయసులో ఉన్నప్పుడు మొదలుపెట్టాను, ఇప్పుడు కళ్ళద్దాలు రెండుసార్లు మార్చాను.

మూర్ఛ ఉన్నవాళ్ళకు కూడా పడే కొత్త ధార వచ్చిందట. ఒక్క పూట పనే కదమ్మా అన్నాడు అన్నయ్య. ఆలోచిస్తానన్నాను.

ధార ఉన్నవాళ్ళకు గడిచిన రోజులు వాటంతటవే తలలో నిలవ ఉంటాయి. నావి ఉండవు. రేపు ఎవరో నా గురించి చెప్పేదే నిజమైపోకూడదని ఇవాళ్టి నుంచి రాస్తున్నాను.

మార్గశిరం, పౌర్ణమి మర్నాడు

డాక్టర్ హుసేన్‌బీ దగ్గరికి వెళ్ళాను. చిన్నప్పుడు మూర్ఛ వచ్చినప్పుడల్లా నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది ఆవిడే. ఇప్పుడు ఆవిడ చేతులు వణుకుతాయి, మాట వణకదు. ప్రాణానికేం భయం లేదంది. పుస్తకాలన్నీ నాకూ వచ్చేస్తాయంది. ఇంకా ఏదో చెప్పడానికి సందేహిస్తుంటే గుచ్చి గుచ్చి అడిగాను.

"నీకు తెలిసింది ఎక్కడికీ పోదు బేటీ," అంది చివరికి. "అది నీకెలా తెలిసిందో, అది పోతుంది."

ధార అన్నిటినీ ఒకే పూట, ఒకే ఎత్తున పరుస్తుందట. ముందున్నవి దాని అడుగున అణిగిపోతాయట.

దారి పొడుగునా ఆ మాటే ఆలోచించుకుంటూ వచ్చాను. నా ఇరవైల్లో ఒక కరువు గురించి చదివాను. ఆ కరువు కాలంలో జిల్లాను ఏలిన అధికారి రాసుకున్న పుస్తకం అది. చేయగలిగిందంతా చేశామనీ, వానలు మోసం చేశాయనీ ఎంత అందంగా రాశాడంటే, అతని మీద నాకు జాలి కలిగింది. కొన్నేళ్ళపాటు ఎవరు కరువు మాటెత్తినా అతని మాటలే చెప్పేదాన్ని. తర్వాత ఒక వానాకాలం, అట్టలు ఊడిన పుస్తకాల గుట్టలో, అదే జిల్లాలో గంజికేంద్రం నడిపిన ఒక విధవరాలి పుస్తకం దొరికింది. కొట్లలో ధాన్యం ఉంది. తాళాలూ ఉన్నాయి. తాళంచెవులు ఎవరి మొలల్లో ఉన్నాయో ఆవిడ పేర్లతో సహా రాసింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. అప్పటి నుంచి ఎవరైనా బాగా రాశారంటే, వాళ్ళ వంటింట్లో ఆ ఏడాది పొయ్యి వెలిగిందా అని ముందు చూస్తాను.

మా ఊళ్ళో అందరికీ ఆ రెండు పుస్తకాలూ వచ్చు. రెండూ పక్కపక్కనే, ఒకే పూట వచ్చాయి. మధ్యలో నేను మోసపోయిన ఏళ్ళు మాత్రం నా ఒక్కదానికే ఉన్నాయి. వాటిని వదులుకోమంటున్నారు.

సాయంత్రం అన్నయ్య ఇంటికి వెళ్ళి, ఆ రెండు కరువు పుస్తకాల సంగతీ చెప్పి, ధార వద్దనేశాను. కనకవల్లి వదిన మజ్జిగ గ్లాసు నా ముందు పెట్టి, ముఖం చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

పుష్యం, రెండో వారం

పైడమ్మ మొగుడు అప్పలనర్సు పై వరస వలల దగ్గర జారి పడ్డాడు. తుంటి విరిగింది. తలుపు రెక్క మీద పడుకోబెట్టి దింపాం. దారంతా అతను కేక వేయలేదు, పెదవి కొరుక్కుని నెత్తురు కార్చుకున్నాడు.

గొట్టం వస్తే ఇలాంటివి ఉండవని ఊరంతటికీ తెలుసు. గొట్టం ఎవరివల్ల ఆగిందో కూడా తెలుసు. నీళ్ళ వరసలో నేను నిలబడితే ముందువాళ్ళు మాట ఆపేస్తున్నారు. నిన్న పొద్దున పైడమ్మ నన్ను ఆపి అడిగింది.

"నాకు తెల్వకడుగుతాను వకులమ్మా. నువ్వు ఒక్కపూట పడుకుని లేస్తే నీకొచ్చిన నష్టమేటి? నా పెనిమిటి మంచం మీంచి లెగనేడు. మా అందరి కన్నా నీ పుస్తకాలే గొప్పా?"

చెప్పబోయాను. ఏ మాట ఎత్తినా అప్పలనర్సు తుంటి ముందు తేలిపోతోంది. తన వంతు వలలు కూడా నేను దులుపుతానన్నాను. అక్కర్లేదని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చేశాను. ఒప్పుకుందామా అనిపించిన మాట నిజం. అప్పుడు సమాఖ్య షరతు తెప్పించుకుని మళ్ళీ చూశాను. అందులో 'ధార పోయించుకున్నవారు' అని లేదు, 'చదువుకున్నవారు' అనే ఉంది. ఆ మాటకు నాకన్నా ఎవరు తగుతారు? నేను చదువుకున్నదాన్నే, వచ్చి పరీక్ష చేసుకోండి అని సమాఖ్యకు కబురు పంపాను. ఊరికి నీళ్ళు రావాలి, నా తల నాకుండాలి. రెండూ కుదరాలనే అడిగాను.

పుష్యం, బహుళ పంచమి

సమాఖ్య పరిశీలకురాలు తేజోవతి వచ్చింది. మర్యాద తెలిసిన మనిషి. నా కుర్చీకి ఎండ తగులుతోందని తనే తెర లాగింది. మండలి హాల్లో ఊళ్ళోవాళ్ళు చాలామంది కూర్చున్నారు. పైడమ్మ కూడా వచ్చింది.

ఎన్ని పుస్తకాలు చదివారని అడిగింది. లెక్క పెట్టుకోలేదన్నాను. తేనెటీగల పెంపకం మీద ఒక పాత పుస్తకం పేరు చెప్పి, అందులో ఏడో అధ్యాయం ఎలా మొదలవుతుందని అడిగింది. గుర్తు లేదన్నాను. ఆ పుస్తకం రాసినాయన తన పెళ్ళిరోజున ఈగలు కుట్టి పీటల మీదికి వాచిన ముఖంతో వచ్చాడనీ, పెళ్ళికూతురు గుర్తుపట్టలేదనీ మాత్రం చెప్పాను. హాల్లో ఎవరో నవ్వారు. ఆమె ఇంకో పుస్తకం అడిగింది, ఇంకోటి అడిగింది. కొన్నిట్లో కథ గుర్తుంది, పేర్లు లేవు. ఒకచోట రెండు పుస్తకాలను కలిపేశాను. ఒకదాన్ని చదవనేలేదు. ఆ సంగతే చెప్పాను.

"చదివినవే ఇంతగా మరిచిపోతే, చదివారని ఎలా రాయమంటారు?" అంది నెమ్మదిగా.

"మరిచిపోవాలంటే ముందు చదవాలి కదండీ," అన్నాను. "ఇక్కడున్నవాళ్ళలో ఒక్కరు ఒక్క పుస్తకం మరిచిపోయారేమో అడగండి. నా దగ్గర మిగిలింది, నాతో పోట్లాడి మిగిలింది. పోయింది పోయింది. దాన్నే నేను చదువంటాను. మీరు వేరే పేరు పెట్టుకుంటే పెట్టుకోండి, నాది మాత్రం చెరపకండి."

నేను అబద్ధం ఆడుతున్నానని ఆమె అనుకోలేదని నాకు తెలుసు. అయినా కొలవడానికి తన దగ్గరున్నది ఒక్కటే కొలత అంది. 'చదువు లేదు' అని రాసుకుంది. మాఘం చివర ఊరంతా వరసగా హాజరు చెప్పాలనీ, ఆ లోపల నేను మనసు మార్చుకుంటే సంతోషమనీ చెప్పి వెళ్ళిపోయింది.

ఓడిపోయాను. బయటికి వస్తుంటే తల మాత్రం వంచలేదు.

మాఘం, మొదటి వారం

గోదాముకు కనకవల్లి వదిన వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఈ దుమ్ములో ఎలా కూర్చుంటావే అంటూ బల్ల తుడుచుకుని కూర్చుంది. అన్నయ్య పంపాడని దాచలేదు. పట్టుదల మానమంది. నీ పుస్తకాలన్నీ నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు, నాకేం నష్టం జరిగిందని అడిగింది. చేతికందిన పుస్తకం తీసి, చూడు అంటూ మూసిన అట్ట మీద చెయ్యి పెట్టి మొదటి పేజీ గడగడా అప్పజెప్పింది. తప్పు లేదు.

అది ఒక పడవ మీద బతికే కుటుంబం కథ. అప్పజెప్పింది నిజంగా అందులో ఉందో లేదో చూడమన్నాను. పుస్తకం తెరిచి చూసుకుంది. అలవాటు లేని కళ్ళు కదా, వేలు పెట్టుకుని పదం పదం కూడబలుక్కుంటూ పోయింది. నేను అట్టలు అంటించే పనిలో పడ్డాను. చాలాసేపటికి తలెత్తితే, కొంగు ముక్కు మీంచి ఎప్పుడు జారిపోయిందో, వదిన ఇంకా చదువుతూనే ఉంది. పొద్దు వాలుతుండగా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఏమైందని అడిగాను.

"ఈ కథ నాకు పెళ్ళికి ముందు నుంచీ వచ్చు," అంది. "ఆ చిన్నపిల్ల నీళ్ళలో పోతుందనీ తెలుసు. ఇన్నేళ్ళ నుంచీ తెలిసే ఉంది వకుళా. కానీ ఆ పిల్ల ఇవాళే పోయింది."

పుస్తకం చంకలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. నన్ను పట్టుదల మానమని మళ్ళీ అనలేదు.

మాఘం, రెండో వారం

వదిన వల్ల సంగతి పాకింది. అప్పలనర్సు మంచంలో పొద్దు పోక పిచ్చెక్కిపోతున్నాడట. ఏ కథ తలుచుకున్నా చివరి మాటతో సహా ఒక్కసారే గుర్తొచ్చేస్తే ఇంక తలుచుకునేదేముంటుంది? వదిన వెళ్ళి ఓ నవల పైడమ్మ చేతిలో పెట్టి, నెమ్మదిగా, రోజుకు కొంచెం చదివి వినిపించమంది. పైడమ్మ నా మీద కోపంతోనే చదవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు పేచీ వచ్చింది. ఆ నవల్లో అన్న, తమ్ముడి తప్పు తన మీద వేసుకుని ఊరు వదిలిపోతాడు. అది త్యాగమని వదిన అంటుంది. తమ్ముణ్ణి జీవితమంతా తల ఎత్తుకోనివ్వకుండా చేసిన పొగరని పైడమ్మ అంటుంది. అప్పలనర్సు మూడోరకంగా ఏదో అంటాడు. ట్యాంకు దగ్గర మొదలైన మాట చినికి చినికి గాలివానై, నిన్నటి నుంచి వదినా పైడమ్మా మాట్లాడుకోవడం లేదు. నాకు నవ్వూ వస్తోంది, భయమూ వేస్తోంది. మా ఊళ్ళో ఒక పుస్తకం గురించి ఇద్దరు వేరువేరు మాటలు అనడం నేనెప్పుడూ వినలేదు. ఇవాళ ఇంకో నలుగురు గోదాముకు వచ్చారు. ఎవరి మాట నిజమో తేల్చుకోవాలట. అదే నవల నాలుగు ప్రతులు దొరికితే, మనిషికొకటి పంచి ఇచ్చాను.

పొద్దున వలల దగ్గర పైడమ్మ నా తొట్టె కూడా తనే వంపింది.

మాఘం, బహుళ సప్తమి

అన్నయ్య ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. రక్తసంబంధీకులు సమ్మతిస్తే, ధార లేనివారికి వారి ఇష్టంతో పని లేకుండా పోయవచ్చని సమాఖ్య నియమం ఉందట. ఆ సమ్మతి మీద వేలిముద్ర వేయబోతున్నాననీ, వెనక నుంచి చేయడం ఇష్టం లేక ముందే చెబుతున్నాననీ అన్నాడు.

నేను కోపంగా లేచి నిలబడ్డాను. అతను చెప్పుకుపోయాడు.

"అమ్మని ఆ రాళ్ళ మీంచి ఎత్తుకొచ్చింది నేను. నువ్వు చిన్నపిల్లవి, నీకు గుర్తులేదు. ఇంకొకర్ని ఎత్తలేను వకుళా. నన్ను తిట్టుకో. కానీ గొట్టం రావాలి."

"అమ్మ నీకు ఎలా గుర్తుందో చెప్పు," అన్నాను. "ఆ రోజు ఆమె చీర రంగు, రాళ్ళ తడి, నువ్వు పిలిచిన పిలుపు. ఎవరో వచ్చి, మీ అమ్మ పోయిందన్న సంగతి ఉంచుతాం, మిగిలింది తీసేస్తాం అంటే ఇస్తావా? నాకు ఆ గోదాములో చదివిన ఒక్కో పుస్తకం అలాంటిదే అన్నయ్యా. వేలిముద్ర వేస్తే వెయ్యి. నేను నా కాళ్ళతో ధారశాలకు రాను. మోసుకుపోవాలి. మోసేవాళ్ళలో నువ్వు కూడా ఉండాలి."

అతను వెళ్ళిపోయాడు. వదిన ఆ సాయంత్రం నుంచి అతనితో మాట్లాడడం మానేసిందట. ఈ సంగతి పైడమ్మ చెప్పింది. అంటే వదినా పైడమ్మా మళ్ళీ మాట్లాడుకుంటున్నారన్నమాట.

మాఘం, చివరి రోజు

ఇవాళ హాజరు.

తేజోవతి బల్ల దగ్గర కూర్చుంది. అన్నయ్య వేలిముద్ర వేసిన సమ్మతి ఆమె ముందే ఉంది. ధారశాల నుంచి ఇద్దరు మనుషులు గోడవార నిలబడ్డారు, నాకోసం. వీధి వరసన పేర్లు పిలుస్తున్నారు. పిలిచినవాళ్ళు లేచి "చదివాను" అనాలి. ఏటా జరిగేదే. గుడిలో పేరూ గోత్రం చెప్పినంత తేలిగ్గా చెబుతారు. మొదటి వీధి అయిపోయింది. రెండో వీధిలో పైడమ్మను పిలిచారు. ఆమె లేచి, చేతులు కట్టుకుని నిలబడింది.

"నాకన్నీ వొచ్చండి," అంది. "సదవనేదు."

తేజోవతి అర్థం కానట్టు చూసింది. మీకు ధార పోశారు కదా అంది.

"పోసినారండి. పోసినోల్లు పోసినారు, పోయించుకున్నాం. నానిప్పుడొక పుస్తకం సదవతన్నాను. సగం అయ్యింది. సదివీసేనని అబద్దం ఎలా సెప్తాను? ఆ వకులమ్మని సదువు నేనిదని రాసినారు. మరి నాకూ అదే రాయండి. గొట్టం నాకూ కావాలండి, నా పెనిమిటి మంచం మీదున్నాడు. కావాలని సెప్పి ఒకరి తలకాయి ఇచ్చీనేం."

మా అన్నయ్య ముఖం పాలిపోయింది. తర్వాతి పేరు అదే వీధిలో ఒక ముసలాయనది. ఆయన మామూలుగానే చదివానన్నాడు. ఆ తర్వాత ఇద్దరు కూడా అలాగే అన్నారు. పైడమ్మ ఒక్కతే మిగిలిపోతుందేమోనని భయపడ్డాను. అప్పుడు వదినను పిలిచారు.

"వచ్చు. చదవలేదు," అంది కనకవల్లి వదిన, అన్నయ్య వైపే చూస్తూ. "ఒక్కటి మాత్రం చదివాను. అందుకే మిగిలినవి చదవలేదని తెలిసింది."

అక్కడి నుంచి ఎవరు ఏమంటారో చెప్పలేని వరస అయింది. కొందరు చదివామన్నారు. గోదాముకు వచ్చినవాళ్ళు చదవలేదన్నారు. గోదాము ముఖం చూడనివాళ్ళు కూడా కొందరు, ఒక్క క్షణం ఆగి, చదవలేదన్నారు. హుసేన్‌బీ లేవలేక కూర్చునే చేయి ఎత్తి, వైద్యం పుస్తకాలు చదివాను, తక్కినవి వచ్చు, అంది. తేజోవతి రాయడం ఆపేసింది. ధారశాల మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంతమందిని మోసుకుపోవడానికి వాళ్ళు చాలరు. పోసినవాళ్ళకే మళ్ళీ ఏం పోస్తారు?

నన్ను పిలిచారు. లేచాను.

"చదివాను," అన్నాను.

ఆ మాట ఏటా అందరూ అనేదే. కానీ ఇవాళ హాల్లో అందరూ నావైపు తిరిగారు. తేజోవతి వేలిముద్ర ఉన్న సమ్మతి కాగితాన్ని మడిచి అన్నయ్యకు తిరిగి ఇచ్చేసింది. ఒక్కరు మిగిలితే పనికొచ్చే నియమం ఇది, ఇక్కడ పనికిరాదు, అంది. గొట్టం ఈ ఏటికి లేనట్టేననీ, మబ్బుగట్టును చదువురాని ఊళ్ళలో కలపక తప్పదనీ చెప్పింది. వెళ్ళేముందు నా దగ్గర ఆగి, ఆ తేనెటీగలాయన పెళ్ళి చివరికి జరిగిందా అని అడిగింది. ఆమెకు తెలియక అడగలేదు. జరిగిందన్నాను. పెళ్ళికూతురు అతని చేత ఇక తేనె తాగనని ఒట్టు వేయించుకుందని కూడా చెప్పాను.

ఫాల్గుణం, మొదటి వారం

ఊళ్ళో సగంమంది నన్ను తిడుతున్నారు. వాళ్ళకు ఆ హక్కుంది. ఎండలు ముదిరితే మంచు తగ్గుతుంది, నీళ్ళకు కటకట తప్పదు. చదివానన్నవాళ్ళు ఒకవైపు, చదవలేదన్నవాళ్ళు ఒకవైపు అయ్యారు. మండలి ఎప్పుడూ అంత గట్టిగా వాదించుకోలేదు. అందరికీ ఒకే పుస్తకాలు వచ్చు కాబట్టి ఇన్నాళ్ళూ అరగంటలో లేచిపోయేవారు. మొన్న పొద్దు గుంకేదాకా కూర్చున్నారు. చివరికి తేలిందేమిటంటే, పై వరస దాకా ఇనుప కమ్మీలు పాతి తాళ్ళు కట్టాలి, వలల పనికి ప్రతి ఇంటి నుంచీ వంతుల వారీగా మనిషి రావాలి, మండలివాళ్ళతో సహా. గొట్టం కోసం సమాఖ్యను మళ్ళీ అడుగుతారు, ఈసారి షరతు మార్చమని కూడా అడుగుతారు. మార్చకపోతే మళ్ళీ అడుగుతారు.

ఇవాళ మా అన్నయ్య వంతు. అమ్మ పోయాక అతను ఆ వాలు ఎక్కడం ఇదే మొదటిసారి. కొత్తగా కట్టిన తాడు రెండు చేతులా పట్టుకుని, అడుగడుగునా ఆగుతూ ఎక్కాడు. వేలిముద్ర వేసిన సంగతి అంత తొందరగా పోయేది కాదు. పక్కపక్కనే నిలబడి వలలు దులిపాం. దిగేటప్పుడు, ఎటో చూస్తూ, ఆ కరువు పుస్తకాల్లో ముందు ఏది చదవమంటావని అడిగాడు.

అధికారిది ఇచ్చాను. విధవరాలిది అడిగినా ఇవ్వలేదు. రెండూ వచ్చులే అన్నాడు. వస్తే రానీ, ముందు ఇతన్ని నమ్మి రా అన్నాను.